రామమ్మ గారి పెట్టెలో పాలపిట్ట

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లకు ఆస్తులంటూ పెద్దగా ఏమీ ఉండవు. ఉన్న ఒక్క ఆస్తి చిక్కడపల్లి లైబ్రరీలో సీటు. దానికి పట్టా లేదు, రిజిస్ట్రేషన్ లేదు. పొద్దున గేటు తీయగానే పరుగెత్తి బల్ల మీద ఒక పుస్తకం పడేస్తే సాయంత్రం దాకా ఆ సీటు మనదే. మనిషి టీకి పోయినా, క్షవరానికి పోయినా, వాడి తరఫున పుస్తకం కూర్చుని ఉంటుంది. దాన్ని ఎవరూ కదిలించరు. అది అక్కడి ధర్మం.

శ్రీశైలం ఆ ధర్మాన్ని మూడేళ్లుగా నమ్ముకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. జనవరిలో ఒకరోజు టీ తాగి వచ్చేసరికి అతని పాలిటీ పుస్తకం నేల మీద ఉంది. బల్ల మీద నిమ్మపండు రంగు చెక్క పెట్టె ఒకటి ఉంది. పెట్టెకు ముందువైపు గుండ్రటి రంధ్రం. దాని కింద ఎర్రటి అక్షరాలు: "కీ.శే. రామమ్మ గారి జ్ఞాపకార్థం". పక్కన ఒక అమ్మాయి నిలబడి కాగితాలు పంచుతోంది.

"అక్కా, ఇది నా సీటు."

"పుస్తకమే ఉన్నది, మనిషి లేడు కదా. అయినా అక్క ఏంది? మీకెన్నేండ్లు?"

"ఇరవై ఏడు."

"నాకు ఇరవై అయిదు."

"సారీ మేడమ్."

"మేడమ్ కూడ వద్దు. నా పేరు అంబిక." ఆమె ఒక కాగితం అతని చేతిలో పెట్టింది. "వాలంటీర్లు కావాలె. ప్రతి ఆదివారం బొల్లిగుట్ట అడవికి."

అప్పటికే చుట్టూ నలుగురు మూగారు. "సర్టిఫికెట్ ఇస్తరా?" అన్నాడు ఒకడు. "ఇంటర్వ్యూల చెప్పుకోవచ్చా?" అన్నాడు ఇంకొకడు. శ్రీశైలం రూమ్మేట్ శశాంక్ మాత్రం సూటిగా అసలు విషయానికి వచ్చాడు. "టిఫిన్ పెడ్తరా?"

అంబిక ఓపిగ్గా చెప్పింది. పోయిన ఎండాకాలం బొల్లిగుట్ట తగలబడింది. ఎవడో పిక్నిక్‌కు వచ్చినవాడు పొయ్యి ఆర్పకుండా పోతే మూడు రోజులు కాలింది. వానలకు గడ్డి మళ్లీ మొలిచింది గానీ తొర్రలున్న ముసలి చెట్లు బూడిదయ్యాయి. పాలపిట్ట, రామచిలుక, గోరింక లాంటివి కొమ్మ మీద గూడు కట్టవు, తొర్రలో గుడ్లు పెడతాయి. చెట్టుకు తొర్ర పడాలంటే అది ముసలిదవ్వాలి. అందాకా పిట్టలకు కిరాయి లేని ఇళ్లుగా ఈ పెట్టెలు కట్టాలి.

"పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి," అన్నాడు శ్రీశైలం. నోరు ఊరుకోలేదు. "రాష్ట్ర జంతువు జింక, రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పుష్పం తంగేడు."

"ఎప్పుడన్న చూసిండ్రా?"

"దసరాకు చూసిన. ఎగురుకుంట పోయింది."

"ఎగిరి ఎక్కడికి పోతది?"

శ్రీశైలం ఆలోచించాడు. "అది సిలబస్‌ల లేదు."

అంబిక నవ్వింది. తల వెనక్కి వాల్చి, లైబ్రరీ అన్న సంగతి మరిచిపోయి నవ్వింది. శ్రీశైలం వెంటనే కాగితం మీద పేరు రాశాడు. ఇంటర్వ్యూలో పనికొస్తుందని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, ఆ నవ్వు ఇంకోసారి వినాలని ఉండడమే అసలు కారణం.

అంబిక నారాయణగూడలో ఒక కాలేజీలో జువాలజీ చెబుతుంది. పెట్టెల ఆలోచన ఆమెదే. కానీ ఆమె తండ్రి జగదీశ్వర్ గారికి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ప్లైవుడ్ దుకాణం ఉంది. ఆలోచన దుకాణం గుమ్మం దాటిన వారానికే దానికి ఒక సమితి పుట్టింది, సమితికి ఒక అధ్యక్షుడు పుట్టాడు. అధ్యక్షుడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత బ్యానరు, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపు, అందులో పొద్దున్నే రెండు వందల శుభోదయాలు. పిట్టలు తప్ప అన్నీ వచ్చేశాయి.

గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాయించిన చెయ్యి పెట్టెల దగ్గర మాత్రం ఊరుకుంటుందా? నూట ఇరవై పెట్టెలు, నూట ఇరవై పేర్లు. కొందరు స్వర్గస్థులు, కొందరు పెళ్లిరోజు దంపతులు. రామమ్మ గారు అధ్యక్షులవారి తల్లి.

"మట్టిరంగు వెయ్యాలె నాన్నా. పసుపు రంగుకు పిట్టలు బెదురుతయి," అంది అంబిక.

"మట్టిరంగేస్తే పేరు కనపడుతదా?"

"పిట్టకు తొర్ర కనపడాలె, పేరు కాదు."

"పేరు కనపడకుంటే పెట్టె ఎవడిస్తడు బిడ్డా?"

ఇది జువాలజీ ప్రశ్న కాదు. పెట్టెలకు పసుపు రంగే పడింది.

ఆదివారాలు మొదలయ్యాయి. శ్రీశైలం నిచ్చెన ఎక్కి పెట్టెలు కట్టేవాడు. అంబిక కింద నిలబడి ఎటు తిప్పాలో చెప్పేది. ఆ అడవిని కాపలా కాసే పెద్దులు అన్నీ చూస్తూ తుమ్మచెట్టు కింద కూర్చునేవాడు.

"ఏం పెద్దులన్నా, పిట్టలొస్తయా?" అని అడిగాడు శ్రీశైలం.

"పసుపురంగు బోర్డులు చూసి మనుషులొస్తరు సారూ. పిట్టలెందుకొస్తయి?"

"జర ఎడమకు తిప్పండి శ్రీశైలం గారూ," అని కింద నుంచి కేకేసింది అంబిక. "మీ ఎడమ కాదు, పెట్టె ఎడమ!"

"పెట్టెకు ఎడమ చెయ్యి ఎటుంటది?"

"తొర్ర మీ వైపు చూస్తే, మీ కుడి!"

"ఇంత కష్టమైన బిట్టు పేపర్ల కూడ రాలే."

ఆమె మళ్లీ నవ్వింది. మార్చి నెలలో ఒకరోజు అకాల వాన పడి ఇద్దరూ ఒకే పెట్టె మూతను నెత్తిన పెట్టుకుని పెద్దులు గుడిసె దాకా పరుగెత్తారు. మూత ఒకరికి కూడా సరిపోదు. ఎవరూ దాన్ని వదల్లేదు. గుడిసె చేరాక కూడా కొంచెంసేపు వదల్లేదు. ఆ రోజు నుంచి ఆమె అతన్ని "నువ్వు" అంది, అతను ఆమెను "అంబికా" అన్నాడు.

అతనికి ఆమె అంటే ప్రాణమయింది. ఎకానమీ పుస్తకం తెరిస్తే అక్షరాలు అక్షరాలుగానే ఉండేవి గానీ ఒక్కటీ తలకెక్కేది కాదు.

ఏప్రిల్ చివర లెక్క తీశారు. శ్రీశైలం, శశాంక్‌లతో కలిపి ఆరుగురు వాలంటీర్లు, తలా ఇరవై పెట్టెలు. తెల్లవారగానే ఒక్కో పెట్టె ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చుని ఎవరు వచ్చిపోతున్నారో చూడాలి. పట్టిక శశాంక్ తయారుచేశాడు. కోచింగ్ సెంటర్లో తెలిసినవాడి చేత ఓఎంఆర్ షీట్ కొట్టించాడు. ప్రతి పెట్టెకూ నాలుగు గుండ్రాలు: ఏ అంటే గోరింక, బీ అంటే రామచిలుక, సీ అంటే పాలపిట్ట, డీ అంటే ఖాళీ. నల్లపెన్నుతో దిద్దాలి. తప్పు ఇక్కడే జరిగింది. ఇలాంటి తప్పు అశోక్‌నగర్ వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

మొదటి పెట్టె ముందు శ్రీశైలం పది నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఏమీ రాలేదు. పెన్సిల్‌తో డీ పక్కన చుక్క పెట్టాడు. రెండోది డీ. మూడోది డీ. ఆరో పెట్టె దగ్గరకు వచ్చేసరికి అతనికి అనుమానం మొదలయింది. తొమ్మిదో పెట్టె కూడా డీ అయ్యేసరికి చెమటలు పట్టాయి. మూడేళ్లుగా వందల పేపర్లు రాసిన మనిషి. వరుసగా మూడు డీలు వస్తేనే ఒకటి మార్చుకొమ్మని కోచింగ్ సార్లు చెబుతారు. వరుసగా తొమ్మిది డీలు ఏ ఆన్సర్ కీలోనూ రావు. అంటే తప్పు తనదే అయి ఉండాలి. తను తల తిప్పినప్పుడే పిట్ట వచ్చి పోయి ఉండాలి.

పదో పెట్టె రామమ్మ గారిది. అదీ ఖాళీ. రామమ్మ గారు అంబిక నాయనమ్మ. ఈ కబురు వినగానే ఆమె మొహం ఎలా వాడిపోతుందో అతని కళ్ల ముందు కనపడింది. పైగా నెగెటివ్ మార్కింగ్ లేదు.

చెట్టు నీడలో కూర్చుని పెన్ను తీశాడు. పదో నంబరుకు సీ దిద్దాడు. వెనక్కి వెళ్లి మూడో నంబరు, ఏడో నంబరు కూడా దిద్దాడు. ఒకసారి చెయ్యి తిరిగాక ఇరవై గుండ్రాలూ ఎలా నిండాయో అతనికే తెలియలేదు. ఏడు పాలపిట్టలు, నాలుగు గోరింకలు, రెండు చిలుకలు, ఏడు ఖాళీలు. చూడడానికి చక్కగా, నమ్మేలా, అచ్చం కీ లాగా ఉంది.

మిగతా అయిదుగురూ అదే హాస్టల్ లైనువాళ్లు, ఆ సార్ల దగ్గరే చదివినవాళ్లు. తెలియని ప్రశ్నకు తెలిసిన జవాబు దిద్దడం అందరికీ అలవాటే. అందరికీ తెలిసిన పిట్ట ఒక్కటే, రాష్ట్ర పక్షి. మొత్తం కూడితే నలభై మూడు పెట్టెల్లో పాలపిట్టలు తేలాయి.

అంబిక ఆ సంఖ్యను రెండుసార్లు కూడి చూసుకుంది. లైబ్రరీ బయట టీ కొట్టు దగ్గర శ్రీశైలాన్ని పక్కకు పిలిచింది.

"కాలకముందే ఆ గుట్ట మీద ఇరవై జంటలు లేకుండె. ఇంత తొందరగ ఎట్ల వస్తయి? నాకు అనుమానంగున్నది."

శ్రీశైలం టీ వైపు చూశాడు.

"మిగతోళ్లను నేను అడగ. నువ్వు చెప్పు చాలు. మా నాయనమ్మ పెట్టెల నిజంగనే చూసినవా?"

నిజం చెప్పడానికి అదే సమయం. అతనికీ తెలుసు. కానీ ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, సంతోషం కళ్ల అంచు దాకా వచ్చి అతని మాట కోసం ఆగి ఉంది.

"చూసిన," అన్నాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. మెయిన్ రోడ్డు మీద, పట్టపగలు, సగం అశోక్‌నగర్ చూస్తుండగా. అతను మూడేళ్లలో అంత ఆనందం ఎరగడు, అంత సిగ్గూ ఎరగడు. రెండూ ఒక్కసారే వచ్చాయి.

ఇక అక్కడి నుంచి సంగతి జగదీశ్వర్ గారి చేతుల్లోకి వెళ్లింది. "పాలపిట్టల పునరాగమన మహోత్సవం" అని ఫ్లెక్సీ లేచింది. అందులో పాలపిట్ట బొత్తాం అంత ఉంది, అధ్యక్షులవారు తలుపంత ఉన్నారు. దాతలు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. రిటైరైన టీచరు విద్యావతమ్మ గారు భర్త పేరున ఒక పెట్టె ఇచ్చింది. అందులో పాలపిట్ట చేరిందని తెలిసి వీధంతా పాయసం పంచింది.

సభ ఆదివారం సాయంత్రం, చిక్కడపల్లిలోనే. శనివారం పెద్దులు శ్రీశైలానికి ఫోన్ చేశాడు.

"సారూ, రోడ్డు తెరుస్తరంట కదా?"

"ఏ రోడ్డు?"

"కాలినప్పటి సంది మూసిపెట్టిన రోడ్డు. పిట్టలు తిరిగొచ్చినయని రేపు అంబికమ్మ సంతకం చేసి ఫారెస్టు రేంజ్ ఆఫీసర్ సారుకు కాయితమిస్తదంట. ఒకటో తారీకు సంది పిక్నిక్ బండ్లను వదుల్తరంట. గుడ్లు పెట్టే టైముల బండ్లొస్తే ఒచ్చే ఒకటి రెండు పిట్టలు గూడ రావు. మీరెక్కడ చూసిండ్రు సారూ అన్ని పిట్టలు? నాకు కనపడలే."

శ్రీశైలం మంచం మీద కూలబడ్డాడు. పక్క మంచం మీద శశాంక్ వేరుశెనక్కాయలు తింటున్నాడు.

"చెప్పేస్త రా."

"ఏం చెప్తవ్? షీట్ ఇచ్చినంక మార్చనిస్తరా? గమ్మునుండు. నేను సగం పెట్టెల కాడికి పోనే పోలే, నేను పరేషానైతున్ననా?"

"దాని కింద సంతకం అంబికది. రేపు అడవి ఖాళీ అని తేలితే పేరు పోయేది ఆమెది."

"చెప్తే అంబిక పోతది."

శ్రీశైలం లేచి లైటు ఆర్పేశాడు.

సభలో మొదట సన్మానాలు అయ్యాయి. వాలంటీర్లందరికీ శాలువాలు కప్పారు. ఆ తర్వాత ఇంకా శాలువాలు మిగిలాయని దాతలకు కప్పారు. చివరికి రేంజ్ ఆఫీసర్ ముందు కాగితం పెట్టి, అంబికకు పెన్ను ఇచ్చారు.

శ్రీశైలం లేచి నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం. అంబిక గారు ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు."

కృతజ్ఞతలు చెబుతాడనుకుని ఎవరో అతని చేతికి మైకు ఇచ్చారు. దాంతో తర్వాతి మాట హాలంతా మోగింది.

"నేను చూసిన పది పెట్టెల్ల ఒక్క పిట్ట గూడ లేకుండె. మిగతా పది చూడనే లేదు. నేనే తప్పు దిద్దిన. వరుసగ తొమ్మిది ఖాళీలొచ్చినయి. ఏ పేపర్లనన్న వరుసగ తొమ్మిది డీలొస్తయా అని భయమైంది."

ముందు వరుసల్లో పెద్దలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనక మూడు వరుసల హాస్టల్ జనం మాత్రం నిజమే కదా అన్నట్టు తలలూపారు.

"అంటే మా ఆయన పెట్టెల పిట్ట లేదా నాయనా?" అంది విద్యావతమ్మ.

"లేదమ్మా. ఏడో నంబరు, నేనే దిద్దిన."

"అయ్యో, పాయసం గూడ పంచితిని కదా!"

జగదీశ్వర్ గారు మైకు లేకుండానే అడిగారు. "మా అమ్మ పెట్టెల?"

"ఖాళీ సార్."

శశాంక్ నెత్తి గోక్కుంటూ లేచాడు. "నావి గూడ అంతే సార్." ఒకరి వెనక ఒకరు మిగతా నలుగురూ లేచారు. రేంజ్ ఆఫీసర్ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. మళ్లీ సరిగ్గా లెక్క తేలేదాకా రోడ్డు తెరిచేది లేదన్నాడు.

అంబిక వేదిక దిగి అతని ముందుకు వచ్చింది.

"నేను నిన్ను సూటిగ అడిగిన."

"అవును."

"చూసిన అన్నవ్."

"నువ్వు సంతోషపడ్తవని."

"నా సంతోషం కోసం లేని పిట్టలను పుట్టిస్తవా శ్రీశైలం? నిన్నొక్కన్నే నమ్మిన నేను." ఆమె అక్కడ నిలబడలేదు. అతను శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి బయటికి నడిచాడు. పోగొట్టుకున్నాననే అనుకున్నాడు.

అయినా మరుసటి ఆదివారం బొల్లిగుట్టకు వెళ్లాడు. ఎవరూ పిలవలేదు. గరుకు కాగితం కొనుక్కుని వెళ్లి పెద్దులుతో కలిసి పసుపు రంగు గీకడం మొదలుపెట్టాడు. పేర్లు గీకాలంటే దాతలు ఒప్పుకోవాలి. మొదట ఒప్పుకుంది విద్యావతమ్మ గారే.

"మూత లోపల రాయి నాయనా," అంది ఫోన్లో. "మా ఆయన బతికున్నప్పుడు గూడ బయటికి ఎక్కువ వచ్చేటోడు కాదు."

ఆమె ఒప్పుకుందని తెలిసి, వెనకపడితే బాగుండదని మిగతా అందరూ ఒప్పుకున్నారు. జగదీశ్వర్ గారు అందరికంటే ఆఖరున, తల్లి ఫోటో వైపు రెండుసార్లు చూసి ఒప్పుకున్నారు.

మూడు వారాలకు రెండో లెక్క. ఈసారి అంబిక గుండ్రాలు లేని తెల్ల నోటు పుస్తకాలు ఇచ్చింది. "చూసింది చూసినట్టు రాయండి," అని అందరికీ కలిపి చెప్పింది. శ్రీశైలం వైపు చూడలేదు.

పదకొండు గంటలకు అతను పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. ఒకటి, ఖాళీ. రెండు, ఖాళీ. మూడు, ఖాళీ, చీమలున్నాయి. అలా వరుసగా తొమ్మిది దాకా ఖాళీలే. పదో నంబరు దగ్గర ఆమె ఆగింది.

"ఖాళీ. నిన్న పొద్దున ఇందులోకి పాలపిట్ట పోయిందని పెద్దులన్న చెప్పిండు. నేను చూడలేదు."

పద్నాలుగో నంబరులో ఒక గోరింక ఉంది, నోట్లో పురుగుతో రెండుసార్లు లోపలికి పోయిందట. మిగతావన్నీ మళ్లీ ఖాళీలు.

"పెద్దులన్న అబద్ధమాడడు," అంది అంబిక. "పాలపిట్టని రాసుంటే మా నాన్న నిన్ను నెత్తిన పెట్టుకునేటోడు."

"నేను చూడలే."

"రెండు గంటలు ఆగితే వచ్చేదేమో."

"గంటన్నర ఆగిన. రాలే."

ఆమె పుస్తకం మూసింది. ఇరవైలో పంతొమ్మిది ఖాళీలున్న ఆ పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకుని అతని వైపు చూసింది. ఆ రోజు అతను మైకు పట్టుకున్న దగ్గర్నుంచి పెంచుకున్న కోపం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియలేదు.

"నాకు చెప్పాల్సింది ఇంకేమన్న ఉన్నదా?"

"ఉన్నది. నువ్వంటే నాకిష్టం."

"ఇది చూసిందా, అంచనానా?"

"నెలల సంది రోజూ చూస్తున్న అంబికా. కదలకుంట."

"అయితే వచ్చే ఆదివారం మా ఇంటికి అన్నానికి రా. మా నాన్న నిన్ను నాలుగు మాటలు అడగాలంటున్నడు." అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "నాకు గూడ ఇష్టమే" అంది. చెప్పేసి గబగబా నడిచింది. పెద్దులు తుమ్మచెట్టు వైపు చూస్తూ ఏమీ విననట్టు నటించాడు.

మొత్తం లెక్కలో పిట్టలు చేరినవి తొమ్మిది పెట్టెలు. ఏడు గోరింకలు, రెండు చిలుకలు. పాలపిట్టలు సున్నా. ఆ కాగితం మీద అంబిక సంతకం పెట్టింది. వానాకాలం పోయేదాకా రోడ్డు మూసే ఉంచుతామని రేంజ్ ఆఫీసర్ రాసిచ్చాడు.

ఆదివారం నారాయణగూడలో జగదీశ్వర్ గారి ఇంట్లో శ్రీశైలం కుర్చీ అంచున కూర్చున్నాడు. అంబిక తల్లి మనోరమ వంటింటి గుమ్మంలో నిలబడింది. అంబిక ఆమె వెనక ఉంది.

"గ్రూప్స్ ఎన్నిసార్లు రాసినవ్?" అన్నారు జగదీశ్వర్ గారు.

"మూడుసార్లు సార్."

"ఎన్ని మార్కులల్ల పోయింది?"

"చివరిసారి చానా దూరంల పోయింది సార్."

"ఈసారి వస్తదా?"

అంబిక కళ్లతోనే బతిమాలింది. పక్కాగా వస్తదని ఒక్క మాటంటే చాలు. అశోక్‌నగర్‌లో ఏ హాస్టల్ గది తలుపు తట్టినా వినిపించే మాటే అది. శ్రీశైలం ఆమె వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు.

"తెల్వదు సార్. చదువుతున్న. రాకుంటే ఇంకేదన్న పని చూసుకుంట."

జగదీశ్వర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నలభై ఏండ్ల సంది దుకాణంల కూసుంటున్న. వచ్చినోడల్లా పక్కా అంకుల్, పక్కా అంకుల్ అన్నోడే. తెల్వదు అన్నోన్ని నిన్నొక్కన్నే చూసిన," అన్నారు. తర్వాత వంటింటి వైపు తిరిగారు. "మనోరమా, కంచాలు పెట్టు. పిల్లగాన్ని నా పక్కన కూసోబెట్టు."